బెర్లిన్‌కు పోని పేతురు

చొప్పదండి డ్రిల్ మాస్టరు దానియేలుకు ఆటల మీద అబద్ధం చెవిన పడితే మెడ నరాలు ఉబ్బుతయి. ఛాయ్ హోటల్ల ఎవడన్న ఒలింపిక్స్ ముచ్చట తీస్తే చాలు, విజిల్ తాడు వేలికి చుట్టుకుంట "చూసినోడెవడు?" అని మీదికి పోతడు.

ఎనభై రెండుల దానియేలు వాళ్ల బాపు పేతురు జ్ఞాపకార్థ కూడిక పెట్టిండ్రు. పాస్టరు గొంతు పెంచి, "మన పేతురు ముప్పై ఆరుల బెర్లిన్‌ల హాకీ ఆడి బంగారు పతకం తెచ్చిండు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

దానియేలు దిగ్గున లేచిండు. "మా బాపు బెర్లిన్ పోలే! గా ఆగస్టు నెలంత దొర పొలంల నారు మోసిండు. గది చెప్పుటానికి మీకేం నామోషీ?"

"నువ్వు చూసినవా?" అన్నడు పాస్టరు.

వెనుక వరుసల దానియేలు అవ్వ, పేతురు పెండ్లాం ప్రేమమ్మ లేచి నిలబడ్డది.

"నేను చూసిన. ఆయన మోసిన నారు నాటింది నేనే."