ఆయుధపూజ నాడు గుంజిన వైరు

మొన్న కరెంటు బిల్లు కడదామని ఫోన్ తెరిస్తే, “అనుకోని లోపం జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి” అని వచ్చింది. ఎవరి లోపమో చెప్పదు, ఎందుకో చెప్పదు. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. పాలు విరిగితే పాలవాడికంటే ముందు గిన్నెను అనుమానించే మనిషిని నేను. ఈ గుణం నాకు శంషాబాద్‌లో, మా బావ ఆఫీసులో అబ్బింది.

బావ అంటే మా అక్క భర్త. ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో హైవే పక్కన మేడమీద రెండు గదులు కిరాయికి తీసుకుని, సరుకు గోదాములకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసు పెట్టాడు. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలలాడేవి, ఫోన్లో మాట సగంలో ఆపేసేవాళ్లం. మేం రాసిన కోడంతా మూలనున్న సర్వర్లో జమయ్యేది. అందులో వెర్షన్ కంట్రోల్ అని ఒకటుండేది. ఎవరు ఏం మార్చారో పేరుతో సహా గుర్తుపెట్టుకోవడం దాని పని. అంత నమ్మకమైనది, ఒక దసరాకు ఆఫీసులో ఆయుధపూజ చేసుకుని, సెలవు అయ్యాక వచ్చి చూస్తే, ఏది అడిగినా “ఇంటర్నల్ ఎర్రర్” అని మొరాయించింది. పాత కాపీ ఉంది గానీ అది వారం కిందటిది. వారం పని గంగపాలు.

పూజ రోజున చివరగా కోడ్ జమచేసిన పేరు రావిర్యాల తమ్ముడిది. సొంత తమ్ముడేం కాదు, రావిర్యాలలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్లవాడు, మా అందరికంటే చురుకైనవాడు. నన్ను అక్కా అని, బావను అన్నా అని పిలిచేవాడు. పండగకు ముందే మాదాపూర్‌లో మంచి ఉద్యోగం దొరికిందని రాజీనామా ఇచ్చాడు. అనుమానానికి ఇంకేం కావాలి! “పోయేటోడు ఊకెనే పోతడా? నా పని ఆగం జేసి పోదామనుకున్నడు,” అన్నాడు బావ. చేరేటప్పుడు అందరి దగ్గరా తీసుకున్న అసలు సర్టిఫికెట్లు ఆయన బీరువాలోనే ఉండేవి. తప్పు ఒప్పుకునేదాకా అతనివి ఇచ్చేది లేదన్నాడు. అవి లేనిదే కొత్త చోట చేర్చుకోరు. పాపం, రోజూ వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. లోపల ఎవరి స్క్రీన్ వాళ్లు పక్కవాళ్లకు కనపడకుండా తిప్పుకున్నారు. బావ సంచులు వెతికాడు, నాది కూడా. అక్కతో చెప్పుకుంటే, నన్నే నమ్మడు, నిన్ను నమ్ముతాడా అంది.

పాత కాపీతో పని మళ్లీ మొదలయ్యాక, మిషన్‌కు దిష్టి తగిలిందని బావకు తోచింది. శుక్రవారం పొద్దున గుమ్మడికాయ, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు తెప్పించాడు. నేను అప్పుడే నా కోడ్ జమకు పంపి లేచాను, అది ఇంకా ఎక్కుతూనే ఉంది. కరెంటు వస్తువు మీద నీళ్లు పడితే ప్రమాదమని బావ, ఆయుధపూజ నాడు చేసినట్టే, నడుస్తున్న సర్వర్ వైరును ఫట్టుమని గుంజాడు. హారతి అయ్యాక మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే ఇంటర్నల్ ఎర్రర్. ఈసారి చివరి పేరు నాది. బావ మెల్లగా నా వైపు తిరిగాడు. ఆ చూపు చూడాలి! సొంత మరదలినని కూడా లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“బావా, పండుగకు వైరు గుంజింది నువ్వే, ఇయ్యాల గుంజింది నువ్వే. బుక్క మింగేటప్పుడు గొంతు పిసికితే ఎట్లుంటది? దానికి గట్లనే అయింది. గా పిలగాడు ఏం జేసిండు?”

బావ కుంకుమ చేతులతోనే బీరువా తెరిచి, సర్టిఫికెట్ల కవరు తెచ్చి మెట్ల మీదున్న తమ్ముడి ఒళ్లో పెట్టాడు. క్షమాపణ లాంటిదేం లేదు, ఆయనకు అలవాటు లేదు. తమ్ముడు ఆ మెట్ల మీదే ఒక్కో కాగితం తీసి ఎండకు పట్టి చూశాడు. అసలువా, జిరాక్సులా అని ముద్రలను గోటితో గీకి చూశాడు. బావ మొహం చిన్నబోయింది.

“ఏందిరా, నా మీదనే అనుమానమా?”

“జర చూసుకుంటున్న సార్,” అన్నాడు తలెత్తకుండా. అంతకుముందు ఎన్నడూ సార్ అనలేదు.

ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురుపడితే బావను సార్ అనే అంటాడు. సర్వర్‌ను మళ్లీ పాత కాపీకి వెనక్కి తిప్పడం మాకు ఆ మధ్యాహ్నంలోగా అయిపోయింది. అన్నా అనే ఆ ఒక్క పిలుపును వెనక్కి తేవడానికి ఇన్నేళ్లూ చాలలేదు.