కంప అవతల ఎర్ర సూది

ఊరికి అడ్డంగా కంప కొట్టాలన్న ఆలోచన ఐలవ్వదే. ఆ సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు, ఆమెను మరిచిపోనివ్వనూ లేదు.

కరోనా వచ్చిన ఏడు వీర్నపల్లి దారిలోని ఆ చిన్న ఊళ్లో మగవాళ్లంతా పంచాయతీ ముందు కూచుని, ఏం చేద్దామా అని తలలు పట్టుకున్నారు. ఐలవ్వ కొంగు నడుముకు చుట్టి ముందుకొచ్చింది.

"చేన్లకు పందులు రాకుంట ఏం జేస్తం? కంప కొడ్తం. గిది గూడ గంతే!"

సాయంత్రానికల్లా తుమ్మకంపలు రోడ్డు మీద నడుమెత్తు లేచాయి. బయటివాళ్లు లోపలికి రావద్దు, లోపలివాళ్లు బయటికి పోవద్దు. దాటిపోయి తిరిగొచ్చినవాళ్లు బడిలో వేరుగా పడుకోవాలి. బీడీల కార్ఖానా మూతబడి చేతికి పనిలేక ఉంది కాబట్టి కాపలాకూ ఐలవ్వే కుదిరింది.

అది అలాంటిలాంటి కాపలా కాదు. కోరుట్ల నుంచి సొంత అల్లుడు పోలీసుల కళ్లుగప్పి, మోటార్ సైకిల్ మీద మామిడికాయలు తెచ్చాడు. ఐలవ్వ కాయల సంచిని కర్రతో ఇవతలికి లాక్కుని పసుపునీళ్లతో కడిగింది. అల్లుణ్ణి మాత్రం అటునుంచి అటే పంపించేసింది.

"కాయలు తుమ్మయి అల్లుడా, నువ్వు తుమ్ముతవ్" అంది.

పక్కింటి లసుమవ్వ వాళ్ల అన్నకైతే మామిడికాయలపాటి మర్యాద కూడా దక్కలేదు. చెల్లెల్ని చూసిపోదామని వచ్చినవాడు కర్రను చూసి వెనక్కి తిరిగాడు. ఆనాటి నుంచి లసుమవ్వ ఐలవ్వతో మాట్లాడడం మానేసి, రోజూ కంప దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. ఎప్పుడో ఒకప్పుడు ఈ కాపలాదారు తప్పు చేయకపోతుందా అని ఆమె ఆశ.

ఇక్కడ ఐలవ్వ వేళ్ల గురించి ఒక మాట చెప్పాలి. టీవీలో సీరియల్ చూస్తూ, ఒళ్లోని చాట వంక కన్నెత్తకుండా బీడీలు చుట్టే వేళ్లవి. ఆకు ఎక్కడ చిరిగిందో వేలికొసే చెప్పేది. అలాంటి వేళ్లు రెండేళ్ల కిందట మొద్దుబారాయి. దారం పట్టుకున్నా పట్టుకున్నట్టే ఉండేది కాదు. సిరిసిల్లలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, బి12 అనే విటమిన్ తక్కువైందని, ఎంత తిన్నా ఈమె ఒంటికి అది పట్టదని, నెలనెలా సూది వేయించుకోవాల్సిందేనని చెప్పింది.

"కోడిని తింట, యాటను తింట, నాకేం తక్కువ?" అని ఐలవ్వ డాక్టరమ్మతోనే కొట్లాటకు దిగింది. కానీ ఆ ఎర్రమందు ఒంట్లోకి వెళ్లాక వేళ్లు మెల్లగా తిరిగొచ్చాయి. అప్పటి నుంచి ఆమెకు ముక్కోటి దేవతలు ఒక ఎత్తు, ఎర్ర సూది ఒక ఎత్తు. నెల తిరగ్గానే ఎల్లారెడ్డిపేట నుంచి ఆరెంపీ డాక్టర్ జాన్ స్కూటర్ మీద వచ్చి సూది వేసి పోయేవాడు.

ఆ నెలా వచ్చాడు. వచ్చి కంప ముందు ఆగాడు.

అల్లుణ్ణి ఆపినప్పుడు ఐలవ్వకు ఈ మనిషి గుర్తుకు రాలేదు. వెనక్కి చూస్తే లసుమవ్వ చేతులు కట్టుకుని ఉండనే ఉంది.

"సాబూ, జరమచ్చినోళ్ల ఇండ్లన్ని తిరిగేటోళ్లు, అందరికంటె మీరే డేంజర్. మర్లిపోండ్రి" అంది గట్టిగా.

"మరి నీ సూదో, అవ్వా?"

"నాకేం రోగం? బండ లెక్కున్న!"

జాన్ తలూపి స్కూటర్ తిప్పుకున్నాడు. గాలికి పోయే కంపను తగిలించుకోవడం అందరికీ తెలిసిందే. తానే కొట్టిన కంపకు తానే చిక్కుకోవడం మాత్రం ఐలవ్వకే చెల్లింది.

మరుసటి నెల ఎలాగూ తీసేస్తారులే అనుకుంది. తీయలేదు. వేళ్లు మళ్లీ మొద్దుబారసాగాయి. బయటికి చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే వేళ్లు పోతాయి. ఆమె మూడో దారి వెతికింది. సూదిలో మందు ఎర్రగా ఉంటుంది కదా, ఎర్రటిదేదైనా కడుపులో పడితే చాలనుకుంది. బీట్‌రూట్ తింది. ఎర్ర షర్బత్ తాగింది. ఇంట్లో కూర కారంతో ఎర్రబడి, భర్త చిన్నయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గీ కూర నా పాణం దీసేటట్టున్నదే" అన్నాడాయన.

"రక్తం వడ్తది, తిను" అంది.

ఒకరోజు పొయ్యి మీద మరుగుతున్న చాయ గిన్నెను బట్ట లేకుండా పట్టి దించితే, చూసినవాళ్లు అబ్బురపడ్డారు. ఐలవ్వ నవ్వి ఊరుకుంది. లోపల మాత్రం భయపడింది. కార్ఖానా రేపో మాపో తెరుస్తారు. చుట్టడం రాని చేతులకు ఆకు ఎవరిస్తారు?

ఆ వారమే గాలివానకు కంప ఒక పక్కకు ఒరిగింది. ఐలవ్వ, చిన్నయ్య కలిసి సర్దుతున్నారు. ఆమె ఒక మండను రెండు చేతులా పట్టి, బలమంతా పెట్టి లాగి నిలబెట్టింది. చిన్నయ్య చూసి కేక పెట్టాడు. ఆమె అరచేతుల నుంచి మోచేతుల దాకా రక్తం కారుతోంది. ముళ్లు దిగిపోయి ఉన్నాయి.

"నొస్తలేదానే?"

ఐలవ్వ తన చేతులను పరాయివాళ్ల చేతుల్లా చూసుకుంది. అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. ఊరిని గడగడలాడించిన మనిషి చిన్నపిల్లలా ఏడవడం చిన్నయ్య అదే మొదటిసారి చూడడం.

"నా చేతులు నాకేం జెప్తలెవ్వయ్యా" అంది.

చిన్నయ్య ముళ్లు తీసి, పసుపు పెట్టి, జాన్‌కు ఫోన్ కలిపాడు. మర్నాడు పొద్దున్నే స్కూటర్ వచ్చి కంప అవతల ఆగింది. ఇవతల ఊరు సగం చేరింది. ముందు వరుసలో లసుమవ్వ.

"మా అన్నను రానియ్యలె. గీ సూదిని ఎట్ల రానిస్తవ్?"

ఐలవ్వకు తెలిసిన తిట్లు చాలా ఉన్నాయి. కానీ ముళ్లు దిగిన అరచేతులు చాపి చూపించింది.

"మీ అన్నకు జేసింది తప్పే. నా చేతులు సచ్చిపోతున్నయ్ లసుమక్కా" అంది.

లసుమవ్వ కట్టుకున్న చేతులు విప్పింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నా షుగరు గోలీలు గూడ అయిపోయి శాన్నాళ్లాయె. మందికి తెలిస్తె నన్ను గూడ బడిల పండవెడ్తవని చెప్పలే."

అంతే, తలా ఒక రోగం బయటపెట్టారు. బీపీ గోలీలు, ఉబ్బసం మందు, పిల్లల దగ్గు సీసా. ఊరంతా ఐలవ్వకు భయపడి రోగాలు దాచుకుంది, ఐలవ్వ ఊరికి భయపడి దాచుకుంది.

కంపకు కాస్త సందు చేశారు. జాన్ ముఖానికి మాస్కు, దాని మీద రుమాలు కట్టుకుని ఎర్ర సూది సిద్ధం చేశాడు.

"నడుముకు ఎయ్యాల్నా, అవ్వా?"

"ఊరంత సూస్తాంది! చేతికే ఎయ్యి."

రవిక చేయి పైకి మడిచి, సందులోంచి చేయి బయటికి చాచింది. ఊరి చట్టం ప్రకారం ఆమె ఊళ్లోనే ఉంది, ఆమె జబ్బ మాత్రం పొరుగూరికి పోయింది. జబ్బను బడిలో పడుకోబెట్టాలా అని చిన్నయ్య అడిగితే, చాలా రోజుల తర్వాత ఊరు పగలబడి నవ్వింది.

ఐలవ్వకు మొదట కొన్నాళ్లు రోజు మార్చి రోజు సూదులు పడాలన్నాడు జాన్. వచ్చినప్పుడల్లా ఆ సందే దవాఖాన అయింది. ఐలవ్వ కర్రతో వరుస నిలబెట్టేది. అందరికంటే ముందు లసుమవ్వకు గోలీలు ఇప్పించేది.

ఎండలు తగ్గి, తొలకరి వానలు పడ్డాక కంప తీసేయమని కబురొచ్చింది. కొట్టినవాళ్లే తీయాలని ఊరు పట్టుబట్టింది. ఐలవ్వ సణుగుతూ మండలు పక్కకు ఈడుస్తుంటే ఉన్నట్టుండి "అవ్వో!" అన్న కేక ఊరి నడుమ దాకా వినిపించింది. చిన్నయ్య ఉరికొచ్చాడు. ఆమె బొటనవేలు పైకెత్తి నిలబడి ఉంది. కొసన చిన్న ముల్లు, ఒక్క బొట్టు రక్తం. కళ్లలో నీళ్లు, నోటినిండా నవ్వు.

"నొస్తాందయ్యా! మస్తు నొస్తాంది!"

చిన్నయ్య ముల్లు తీయబోయాడు. ఐలవ్వ చేయి వెనక్కి లాక్కుంది.

"ఉండనియ్యి జరసేపు" అంది.