సెనేటరు మింగిన ఎనిమిదడుగులు

ఆ రోజుల్లో నాకు తెలిసినంత లోకం మా జిల్లాలో ఇంకెవరికీ తెలియదని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ రెండో ఏడు దాటలేదు గానీ, ప్రొద్దుటూరు గ్రంథాలయంలో జీవిత చరిత్రల బీరువా మొత్తం చదివేసినవాణ్ణి. (రెండో బీరువా తాళంచెవి పోయింది. లేకపోతే నా జ్ఞానానికి హద్దు ఉండేది కాదు.) ఆ బీరువాలోనే నాకు దొరికాడు పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ప్లీడరు ఒకాయన. పేరు చెప్పను, అప్పట్లో నేను ఆ పేరు పలికిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బడికి పోయింది తక్కువ, అడిగి తెచ్చుకున్న లా పుస్తకాలు చదివి ప్లీడరయ్యాడు, గుర్రమెక్కి ఊరూరి కోర్టులు తిరిగాడు, ఆఖరికి సెనేటరై సభలో గంటల తరబడి మాట్లాడి అవతలివాళ్ళను నిద్రపుచ్చాడు. మధ్యలో రెండుసార్లు పార్టీ మారాడు. ఆ అధ్యాయం చదివినప్పుడు మాత్రం ఆయన అమెరికావాడు అనిపించలేదు, మన జిల్లావాడే అనిపించింది.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక ప్లీడరు సారు దగ్గర గుమస్తాను. గుర్రం లేదు గానీ, కేసు కట్టలు మోసుకుని జమ్మలమడుగు కోర్టుకు బస్సెక్కేవాణ్ణి. కిటికీ పక్క సీటు దొరికిన రోజున నేనూ ఆయన దారిలోనే పోతున్నాననుకునేవాణ్ణి. మా సారు నన్ను "ఏమప్పా సెనేటరూ" అని పిలిచేవాడు. అందులో ఎగతాళి ఉందని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మా మేనత్తకు జమ్మలమడుగు అవతల నాలుగెకరాల శనగ చేను ఉంది. ఆమెకు అది తప్ప వేరే ఆధారం లేదు. ఆ చేనికి పోయే బండిదారికి పక్క చేని ఆసామి ముళ్ళకంప కొట్టి అడ్డం వేశాడు. దారి లేకపోతే పంట ఇంటికి రాదు. నేనే పెద్దరికం వహించి మా సారు చేత కేసు వేయించాను. దారి నిజానికి ఒక ఎద్దులబండి పట్టేంత, ఏడడుగులు. సారు కాగితంలో పదిహేనడుగులని రాయించాడు. మా ఊరి బట్టలంగళ్ళ బేరంలాంటిదే అది: పదిహేను అడిగితే పది వస్తుంది, ఏడు అడిగితే కంపే మిగులుతుంది.

సాక్ష్యానికి ముందురోజు సాక్షిని వరండాలో కూర్చోబెట్టి, గుమస్తా అవతలి ప్లీడరు వేషం కట్టి ప్రశ్నలడిగి, జవాబులు కంఠతా పట్టించడం ఆనవాయితీ. దారి వెడల్పెంత? పదిహేనడుగులు. ఎప్పటినుంచి? మా మామ కాలం నుంచి. ఇట్లా చెప్పమని ఎవరైనా నేర్పించారా? ఎవరూ నేర్పించలేదు. (ఈ చివరి జవాబునే అన్నిటికంటే ఎక్కువసార్లు నేర్పించాలి.) అత్త మూడూ తడుముకోకుండా ఒప్పజెప్పింది. అంతటితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. ఖర్మకొద్దీ ఆ వారమే నేను సెనేటరు తన సాక్షులకు ఒక్క మాట కూడా నేర్పనని మొండికేసిన అధ్యాయంలో ఉన్నాను. వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఆ కథంతా అత్తకు చెప్పి, నేర్చుకున్నది మరిచిపొమ్మన్నాను. అడిగినదానికి నిజం చెప్తే చాలన్నాను.

"నిజం చెప్తే దావ వస్తాదంటావా?" అంది అత్త, అనుమానంగా.

వస్తుందన్నాను. అమెరికాలో వచ్చిందన్నాను. సారుకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. మహానుభావులు అన్నీ అందరికీ చెప్పరు కదా.

మరునాడు అత్త బోనెక్కింది. అవతలి ప్లీడరు పులివెందుల నుంచి వచ్చిన పెద్దమనిషి, గొంతు గట్టి. దారి వెడల్పు పదిహేనడుగులేనా అని అడిగాడు. "యాడిది సామీ పదైదు? బండి పట్టేంత. ఏడడుగులుంటే శానా," అంది అత్త. మా సారు చేతిలోని పెన్ను కింద పడింది. అవతలాయన కూడా ఇంత సులువుగా గెలుస్తానని అనుకోలేదేమో, తడబడి, ప్రతి సాక్షినీ అడిగి లేదనిపించుకునే ప్రశ్నను అలవాటుకొద్దీ అడిగేశాడు: ఇట్లా చెప్పమని నీకెవరైనా నేర్పించారా?

"నేర్పినారు సామీ. అదో, ఆ కట్టలు పట్టుకోని నిలబడుకోనుండాడే, మా మేనల్లుడు. మొదులు పదైదని నేర్పినాడు. మళ్ళ అమెరికాలో ఎవురో ఒకాయప్ప వద్దన్నాడంట, నిజమే చెప్పమన్నాడు."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎవరమ్మా ఆ అమెరికా ఆయన అని అడిగారు. అడిగింది అత్తను, నన్ను కాదు. కానీ ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని నేను రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను. ముందుకొచ్చి, లా పుస్తకాలు అడిగి తెచ్చుకున్న దగ్గర మొదలుపెట్టి, సెనేటుకు ఎన్నికయ్యేదాకా చెప్పేశాను.

"ఆయన సెనేట్లోకి పోయినాడు, మంచిది. నువ్వు బయటికి పో," అన్నారు జడ్జిగారు.

మా సారు తిట్టలేదు. మధ్యాహ్నం వరండాలో భుజం మీద చెయ్యి వేసి, "అమెరికాలో గుమస్తా పని ఉంటే చూసుకో అప్పా. ఈడ లేదు," అన్నాడు.

తీర్పు అత్తకు అనుకూలంగానే వచ్చింది. తనకు నష్టమైన సంగతి కూడా దాచని మనిషి మాట నమ్మవచ్చునని రాసి, ఏడడుగుల దారి ఇప్పించారు. కంప తీయించారు. ఉద్యోగం పోయినవాణ్ణి, ఆ పూట బస్సులో అందరికీ సెనేటరు గెలిచాడని చెప్పుకుంటూ వచ్చాను. మూడేళ్ళు తిరగకుండానే ఊళ్ళో ఎద్దులబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరు ట్రాలీ ఏడడుగుల్లో పట్టదు.

"నీ సెనేటరు ఎనిమిదడుగులు మింగినాడు గదరా," అంది అత్త. "వాణ్ణే పిలుచు, మూటలు మోస్తాడు."

ఆయన అందుబాటులో లేడు కాబట్టి నేనే పోతున్నాను. ఇప్పుడు యాభై దాటాయి, జమ్మలమడుగులో కాగితాలు టైపు చేసే చిన్న అంగడి నాది. ఏటా శనగ నూర్పిళ్ళప్పుడు అంగడి మూసి, చేను నుంచి రోడ్డు మీది ట్రాక్టరు దాకా మూటలు మోస్తాను. వెనకాల అత్త తట్ట నెత్తిన పెట్టుకుని, "దావ మనదే కదరా, మెల్లగా పా," అంటూ వస్తుంది. వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచిన ఆ కుర్రాడు అప్పుడు గుర్తొస్తాడు. వాడి వీపున ఒక్కటి ఇచ్చుకోవాలనిపిస్తుంది. మూట మోస్తుంటే చెయ్యి ఖాళీ ఉండదు. దించేసరికి కోపం ఉండదు.