కారం వంకతో

మొన్న అనంతపురంలో నా కడుపులోకి గొట్టం దించి చూసిన డాక్టరమ్మ, లోపల పుండు పడిందనీ, ఇక కారం మానకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పింది. నా ముఖం ఎలా మారిందో ఏమో, జాలిపడి, కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్నపిల్లకు చెప్పినట్టు వివరించింది. కారం తగలగానే నాలుక మండుతుందట, ఒంటికి నిజంగానే ఏదో దెబ్బ తగిలిందనుకుని మెదడు ఎండార్ఫిన్లనే మందును తనంతట తానే వదులుతుందట, అది దిగాక మనసు తేలికపడుతుందట, ఆ హాయి మరిగిన మనిషి మళ్లీ మళ్లీ కారం వైపే చెయ్యి చాపుతాడట, కొన్నాళ్లకు పాత కారం చాలక ఇంకో రెండు మిరపకాయలు పెంచుతాడట. కారం సారాయంత చెడ్డది కాదుగానీ నీ కడుపుకు మాత్రం ఇదే సారాయి అంది. జీవితంలో కల్లు వాసన కూడా సరిగ్గా ఎరగని నేను, నా తలలోనే ఒక సారా బట్టీ పెట్టుకుని ఇన్నేళ్లూ తిరిగానన్నమాట!

నవ్వుకుంటూనే బుక్కరాయసముద్రం బస్సెక్కాను గానీ, ఇంటికొచ్చి కారం జాడీని పక్కింటామెకు ఇచ్చేసి తలుపు వేసుకున్నాక నవ్వు రాలేదు. మా ఆయన పోయాక ఈ ఒంటిగది ఇంట్లో నాకంటూ మిగిలిన సరదా ఆ జాడీ ఒక్కటే. మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది, ఒక్క మనిషికి వండుకోవడమంత విసుగు పని ఇంకొకటి లేదు. ఆ విసుగును కూడా ఎర్రటి ముద్ద ఒకటి దాటించేది.

పుట్టుకతో నేను కారం మనిషిని కాదు. మా పుట్టింటివాళ్లు తుమకూరు వైపు స్థిరపడిన తెలుగువాళ్లు, పులుసులో బెల్లం ముక్క పడనిదే వాళ్లకు ముద్ద దిగదు. అలాంటి ఇంటి నుంచి అనంతపురం జిల్లా యాడికి దగ్గరి మెట్టపొలాల ఊరికి కోడలిగా వచ్చాను. వానలు రాని ఏడు కూరగాయ ఎక్కడిది, రాగిసంగటి, దాని మీద చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ రోట్లో నూరిన ఊరుబిండి, అంతే. మొదటి ముద్దకే నాకు నషాళానికి అంటితే, మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

చెనక్కాయ చెట్లు పెరికే రోజుల్లో వీధిలోని ఆడవాళ్లమంతా కలిసే పొలానికి పోయేవాళ్లం. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని, ఎవరి మూటలోని ఊరుబిండి వాళ్లు తీసి, ఒకరిది ఒకరం రుచి చూసేవాళ్లం. అందులో ఒక గిన్నెను మాత్రం మా అత్త పక్కన పెట్టేది. మిరపకాయలు గింజలతో సహా నూరిన కారం అది. దాన్ని ఎవరూ తమంతట తాము తీసుకునేవాళ్లు కాదు. ఒక రోజు మా అత్త దాంట్లోంచి ఇంత ముద్ద తీసి సాయిబుల ఇంటి అక్క సంగటిలో పెట్టింది. ఆమె భర్త పని కోసం బెంగళూరు పోయి, నెలలు గడిచినా కబురు లేదు. అక్క ఆ కారం తింటుంటే కళ్ల వెంట ధారలు. నేను కొత్తదాన్ని, పాపం మండుతోంది కాబోలని చెంబు పట్టుకుని పరుగెత్తాను. మా అత్త నా కొంగు పట్టి లాగింది.

"నీళ్లు ఇయ్యగాకు మ్మే. తిననీ ఆయమ్మను."

అప్పుడు అర్థం కాలేదు. మా ఇళ్లలో ఆడది ఊరికే ఏడిస్తే అది ఇంటికి మంచిది కాదనేవాళ్లు. కారానికి కళ్లు కారితే దానికి మంచీ చెడూ లేదు. అందుకే లోపల బరువున్న మనిషికి ఆ రోజు ఆ గిన్నె వచ్చేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు, నీళ్లు ఇచ్చేవాళ్లు కాదు, పాడు మిరపకాయలని తిట్టుకుంటూ పక్కన కూర్చునేవాళ్లు. అక్క తిన్నంతసేపూ తిని, ముక్కు చీదుకుని, చివరికి తనే నవ్వేసి మళ్లీ చెట్లు పెరకడానికి లేచింది. కబురు వచ్చిందా అంటే రాలేదు, కానీ ఆ పూట గడిచింది.

నా వంతూ వచ్చింది. తొలిచూలు బిడ్డ పుట్టీ పుట్టగానే పోయింది. మళ్లీ కడుపు పండాల్సినదానివి, కళ్లనీళ్లు పెట్టుకోకూడదని ఇంట్లో అందరికంటే గట్టిగా చెప్పింది మా అత్తే. నేనూ బండరాయిలా ఉండిపోయాను. ఒంట్లో కాస్త ఓపిక వచ్చి పొలానికి పోయిన మొదటి రోజు, ఆవిడ ఆ గిన్నె నా ముందుకు జరిపింది.

"తినమ్మే. ఎవురన్నా అడిగితే కారమని చెప్పు."

తిన్నాను. నాలుక మండింది, చెవులు మండాయి, తర్వాత ఇక ఏది మండుతోందో తెలియలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. తలెత్తి చూస్తే మా అత్త కూడా అదే గిన్నెలోంచి తింటోంది, సాయిబుల ఇంటి అక్క తింటోంది, ఆ గట్టు మీద ఉన్న ఆడవాళ్లందరూ తలా ఇంత తీసుకుని తింటూ కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. పోయింది మా అత్తకు మనవరాలని నాకు అప్పుడే గుర్తొచ్చింది. "ఏం కారమే ఇది, పాడుగాను" అని ఎవరో అన్నారు. ఆ మాటకు అందరం ఏడుస్తూనే నవ్వాం. అంత తేలిక నాకు ఆ తర్వాత ఎన్నడూ తెలియదు.

తర్వాత కూతురు పుట్టింది. బావి ఎండింది, పొలం బీడు పడింది, ఊరు వదిలి ఇక్కడికి వచ్చాం. మా అత్త పోయింది, ఆ ఆడవాళ్లు తలా ఒక దిక్కయ్యారు, చెట్లు పెరకడానికిప్పుడు ట్రాక్టరు వస్తోందట. నేను మాత్రం ఆ తేలికను వెతుక్కుంటూ ఒక్కదాన్నే కూర్చుని కారం పెంచుకుంటూ పోయాను. కళ్లనీళ్లు వచ్చేవి. కాసేపు హాయిగానూ ఉండేది, డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదు. కానీ గట్టు మీది ఆ హాయి రాలేదు. మిరపకాయలు చాలడం లేదేమోనని ఇంకా వేశాను. చాలనిది మిరపకాయలు కాదని తెలిసేసరికి కడుపు పుండైంది.

నిన్న మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుని కూర్చున్నాను. మెత్తగా, చల్లగా, ఏ రుచీ లేని ముద్ద. సగం తినేసరికి, మండే వస్తువు ఒక్కటీ లేని ఆ కంచం ముందు, ఉన్నట్టుండి కళ్లు కారడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే ధర్మవరం నుంచి కూతురు వీడియో ఫోన్ చేసింది. తుడుచుకునేలోపే నా ముఖం చూసేసింది.

"కండ్లేంది మా అట్లుండాయి? మళ్లా కారం తింటివా? డాక్టరమ్మ వద్దని చెప్పె కదా!"

"ఒక్క ముద్దే తల్లీ" అన్నాను.

పాపం, చాలాసేపు తిట్టింది, ఇంకెప్పుడూ ముట్టనని ఒట్టు వేయించుకుని పెట్టేసింది. ఆ రోజుల్లో కారమని చెబితే గట్టు మీద ఒక్కరంటే ఒక్కరు కూడా నమ్మేవాళ్లు కాదు, నమ్మినట్టు ఉండేవాళ్లు. నా కూతురు నిజంగానే నమ్మింది.