పెరట్లో కనిపించిన లోతు

దయ్యాల కథలు వింటే నాకు నవ్వొచ్చేది. చదివింది భూగోళశాస్త్రం. కొలవగలిగిందే ఉన్నట్టు లెక్క.

మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. నేను, ఏడాదిన్నర పాప నాచారంలో అద్దెకుండేవాళ్లం. పాపను ఇంటావిడ యాదమ్మకు అప్పగించి, ఉప్పల్ దగ్గర ఒక చిన్న యూనివర్సిటీలో కంప్యూటర్‌తో మ్యాపులు తయారుచేసే కోర్సుకు వెళ్లేదాన్ని. అక్కడ అందరూ నాకన్నా చిన్నవాళ్లు. పాప గురించి తప్ప నాకు మాటలు రావు, వాళ్లకు అవి అక్కర్లేదు.

విమానం నుంచి కాస్త ఎడంగా తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి స్టీరియోస్కోప్ అద్దాల్లోంచి చూస్తే, ఇళ్లూ చెట్లూ పైకి లేచినట్టు కనిపిస్తాయి. ఆ రోజు నాచారం ఫొటోలు నా వంతు. చూస్తే మేడలన్నీ గుంతలు.

పక్కనున్న శ్రీలత నవ్వింది. "అక్కా, ఫొటోలు ఉల్టా పెట్టినవ్. గిట్ల జూస్తే చార్మినార్ గూడ బాయి లెక్కనే కనవడ్తది."

తనే కుడిఎడమలు మార్చిపెట్టింది. మేడలు లేచాయి. మా ఇల్లూ లేచింది. పెరట్లో బట్టలుతికే బండ పక్కన మాత్రం గుంత అలాగే ఉంది. నల్లగా, అడుగు కనిపించనంత లోతు. పాప రోజూ ఆడుకునే చోటు.

ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కాను.

పాప బండ దగ్గరే మట్టిలో కూర్చుని ఉంది. ఎత్తుకున్నాను.

"ఏంది బిడ్డా, గింత జల్ది ఒచ్చినవ్? సార్లు ఎల్లగొట్టిన్రా?" అంది గడపలో బియ్యం ఏరుతున్న యాదమ్మ.

నేను మెట్లెక్కేసరికి వెనక నేల కుంగింది. బండ లోపలికి జారిపోయింది.

యాదమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "గాడ బాయి ఉండె. నా లగ్గం గాకముందే మా మామ పూడ్పిచ్చిండట."

ఆ ఫొటోలు తీసింది మాత్రం ఈ మధ్యనే.

మర్నాడు అవే ఫొటోలు మళ్లీ చూశాను. పెరడు చదునుగా ఉంది. మా సార్ కూడా చూశారు. ఏమీ లేదన్నారు. ఎస్టీడీ బూత్ నుంచి మా ఆయనకు చెబితే, నిద్ర చాలక అలా అనిపించి ఉంటుందన్నారు. ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు హబ్సిగూడలో ఉంటున్నాం. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. నాకు కనిపించిందేమిటో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

ఈ ఇంటి ఫొటోలు కూడా మా ల్యాబులో ఉన్నాయి. వాటిని చూసే ధైర్యం లేదు. చూడకుండా పాపను పెరట్లోకి దింపే ధైర్యమూ లేదు.