బ్యాంకాక్‌లో అక్కకో రేవు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పక్కింట్లో అద్దెకుంటున్న అమ్మాయి, కాకినాడ నుంచి బ్రిస్బేన్‌కి చదువుకోవడానికి వచ్చి ఇంకా ఏడాది కూడా నిండని పిల్ల, గుమ్మంలో నిలబడి, యూనీ సెలవుల్లో వాళ్ళమ్మను బ్యాంకాక్‌లో కలుసుకోబోతున్నానని, అక్కడ ఏ పేటలో దిగితే బాగుంటుందో చెప్పమని అడిగింది. ఇంకేదైనా అడిగి ఉంటే రెండు ముక్కల్లో జవాబు చెప్పి లోపలికి వెళ్ళిపోయేదాన్నేమో గాని, ఆ ప్రశ్న వినగానే నాకెక్కడ లేని హుషారు వచ్చింది. లోపలికి పిలిచి, టీ పెట్టి, ఫోనులో మ్యాపు తెరిచి, నదికి ఇవతల ఒడ్డు, అవతల ఒడ్డు, పడవలు, పూలబజారు అంటూ చాలాసేపు మాట్లాడాను. ఆ పిల్ల ప్రతి మాటకీ తలూపుతూ "సరే అక్కా, సరే అక్కా" అంది. ఆమె వెళ్ళాక కప్పులు కడుగుతుంటే, ఆ తలూపడం నాకు బాగా తెలిసినదే అనిపించింది. ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే, ఒకప్పుడు నా అద్దంలోనే.

ఇక్కడున్న మనవాళ్ళకి బ్యాంకాక్ ఒక ఊరు కాదు, సగం దారి. బ్రిస్బేన్ నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఒకరు బయలుదేరితే మధ్యలో కలుసుకునే చోటు. సెలవు తక్కువగా ఉండి, ఇక్కడిదాకా వచ్చి వెళ్ళడానికే రోజులన్నీ అయిపోతాయనుకున్నవాళ్ళు అక్కడ కలుసుకుని, కావలించుకుని, కళ్ళు తుడుచుకుని, సంచులు మార్చుకుని వెనక్కి వెళ్తుంటారు. నేనూ మా అక్కా అలాగే కలుసుకున్నాం. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి గనక, అది ఎంతో కాలం కిందటిది కాకపోయినా, వేరే ఎవరో అమ్మాయి చేసిన ప్రయాణంలా తోస్తుంది.

అప్పటికి నేను బ్రిస్బేన్ శివార్లలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుని, సిటీలో ఒక ల్యాబులో రక్తం శాంపిళ్ళు పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఆ ఉద్యోగం నచ్చడానికి సగం కారణం గాజు గొట్టాలు ఎదురుప్రశ్నలు వెయ్యకపోవడం. రైల్లో పుస్తకం, ఇంటికొచ్చాక డైరీ, ఈ రెండింటి మధ్య ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే "సరే" అనే ఒక్క మాటతో గడిపేసేదాన్ని. మా ఇంట్లో నేను చిన్నదాన్ని కావడం వల్ల, ఏ కాలేజీ, ఏ దేశం, ఏ రంగు చుడీదారు అన్నవి కూడా ఎవరో ఒకరు తేల్చేవారు, నేను తలూపేదాన్ని.

అక్క సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు అయిదో అంతస్తులో అత్తామామలు, బావగారు, ఇద్దరు పిల్లలు, మధ్యలో తను. పొద్దున్నే లేచి అందరికీ టిఫిన్లు పెట్టి స్కూలుకి పాఠాలు చెప్పడానికి పరుగెత్తేది. ఒకరోజు ఫోన్ చేసి ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"ఒసేయ్, దసరా సెలవుల్లో అయిదు రోజులే. పిల్లల్ని చూసుకుంటానన్నారు మీ బావ. మా అత్తయ్యగారు కూడా ఊఁ అన్నారు. మళ్ళీ మనసు మార్చుకునేలోపు టికెట్ కొనేశా. ఎక్కడ దిగాలో, ఏం చూడాలో అన్నీ నువ్వే చూసుకో, నన్నేం అడక్కు. పొద్దున లేస్తే ఏం కూర అన్న దగ్గర్నుంచీ నేనే తేల్చి తేల్చి నా బుర్ర వేడెక్కిపోయింది."

పెళ్ళయ్యాక అక్క ఒంటరిగా ఇల్లు కదలడం అదే మొదటిసారి. మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో తెలియని ఆ అయిదు రోజుల్నీ తీసుకొచ్చి, జీవితంలో ఒక్క నిర్ణయమూ చేసి ఎరగని నా చేతిలో పెట్టింది. భయమేసిన మాట నిజమే గాని, దానికన్నా ఎక్కువగా గంతులేయాలనిపించింది.

ఆ నెలంతా రైల్లో నవల పక్కన పెట్టి బ్యాంకాక్ పేటలు చదివాను. తలమీదుగా రైళ్ళు పోతూ మాల్ తరవాత మాల్ ఉండే సుఖుమ్‌విత్, ఆఫీసు మేడల సీలోమ్, తెల్లవార్లూ పాటలు మోగే కుర్రకారు సందులు, ఎర్ర దీపాల కింద వీధిలోనే వంటలు వండే చైనాటౌన్. పేరు పేరునా డైరీలో రాసుకునేదాన్ని, ఒక్కో పేటలో అక్కను నిలబెట్టి చూసుకునేదాన్ని, ఎక్కడా నిలిచేది కాదు. ఒక సాయంత్రం నదికి అవతలి ఒడ్డున కుడిచీన్ అనే చిన్న పేట బొమ్మలు కనిపించాయి. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, చెక్క ఇళ్ళు, వాటి మధ్య గులాబీ రంగు గుమ్మటంతో ఎప్పటిదో పాత చర్చి, దగ్గర్లోనే రేవు, ఆ రేవు నుంచి పూలబజారుకి మనుషుల్ని దాటించే పడవ. ఆ పడవను చూస్తూ ఉండగా రైలు ఆగింది, జనం దిగిపోయారు, నేను దిగలేదు. మాది చివరి స్టేషను కాబట్టి సరిపోయింది.

మేము నరసాపురంలో పెరిగాం. సెలవు వస్తే గోదావరి దాటించే పంటు పడవ ఎక్కి సఖినేటిపల్లిలో మా మేనత్త ఇంటికి వెళ్ళేవాళ్ళం. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలు, కొబ్బరి బస్తాల మధ్య నన్ను నాన్న పక్కన కూర్చోబెట్టి, అక్క మాత్రం ముందు కమ్మీ దగ్గరకి పోయి జడ విప్పేసుకుని గాలికి నిలబడేది. అవతలి ఒడ్డు చేరాక మేనత్త మళ్ళీ గట్టిగా జడ వేసేది. పెళ్ళయ్యాక అక్కకి నీళ్ళంటే ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న చింతే. అందుకని ఆ పడవ బొమ్మ చూశాక నాకింక వేరే పేట లేదు. ఏటి ఒడ్డున మేడమీద గది అద్దెకిచ్చే ఒక పెద్దావిడకి మెయిల్ రాసి, గది ఉంచమని చెప్పాను.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా తెలుగు ప్రార్థన కూడికకి పెద్దగా ఒక అంకుల్ ఉండేవారు, భీమవరం వైపు ఆయన. నాకు గది వెతికిపెట్టింది ఆయనే, కారు నేర్పించిందీ ఆయనే. ఊరు వెళ్ళేటప్పుడల్లా బ్యాంకాక్‌లో ఆగేవారు గనక, నా ప్రయాణం సంగతి చెవిన పడగానే శుక్రవారం కూడికలో నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ప్రతునామ్ అమ్మా, ఇంక వేరే మాటే లేదు. లిఫ్ట్ దిగితే ఇడ్లీ, రోడ్డు క్రాస్ చేస్తే మన బిర్యానీ, షాపింగ్ అంతా వాకింగ్ డిస్టెన్సే. ఇద్దరు ఆడపిల్లలు, సేఫ్టీ ఫస్ట్ కదా!"

నేను అలవాటు ప్రకారం సరే అంకుల్ అన్నాను. నా ఉద్దేశంలో ఆ సరేకి విన్నాను అని మాత్రమే అర్థం. పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు మర్యాదకి తలూపడం మన ఇళ్ళల్లో ఉగ్గుపాలతోనే వస్తుంది కదా. కాని ఆయన అక్కడితో ఆగలేదు. కూడిక చివర్లో కళ్ళు మూసుకుని అందరి అవసరాలూ ప్రార్థిస్తూ నా దగ్గరకొచ్చి, "ప్రభువా, ఈ బిడ్డలిద్దరూ ప్రతునామ్‌లో దిగబోవుచున్నారు, ఆ హోటల్‌ను, ఆ గదిని, ఆ లిఫ్టును సైతం నీ చేతికి అప్పగించుచున్నాము" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా ఆమేన్ అన్నారు. అందరితోపాటు నేనూ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

మర్నాడు తెలిసిన ఏజెంటు ద్వారా మా పేరున ప్రతునామ్‌లో గది కూడా బుక్ చేసేశారు. వద్దనుకుంటే ఆదివారం సాయంత్రంలోపు చెబితే చాలట, కాని ఎందుకు వద్దనుకుంటాం అని ఆయనే నవ్వారు. అప్పటికి నాకు ఒకే ఊళ్ళో రెండు గదులు ఉన్నాయి. ఒకటి అందరూ ఆమేన్ అన్నది, ఒకటి నేనొక్కదాన్నే కోరుకున్నది. నోరు విప్పకపోతే అక్క అయిదు రోజులూ మరో అపార్ట్‌మెంటు లాంటి హోటల్లో గడిచిపోతాయి. నోరు విప్పితే, ప్రార్థన చేసి మరీ ఇచ్చిన చోటుని కాదన్నదాన్నవుతాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో అందరం కలిసి తినే ప్రేమవిందు. బిర్యానీ ట్రే మీద రేకు విప్పుతున్న అంకుల్ దగ్గరకి వెళ్ళి, పొద్దున్నుంచీ లోలోపల వల్లించుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాక, ఆ గది వద్దు అంకుల్ అనేశాను. ఆయన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"అదేంటమ్మా, ఆమేన్ అన్నావు కదా!"

"అన్నాను అంకుల్. కాని అక్కకి నది కావాలి."

"నది? బ్రిస్బేన్‌లో లేదా నది? అక్కడికెళ్ళి నదేంటమ్మా?"

పక్కనే పళ్ళేలు పంచుతున్న ఆయన భార్య, మా ఆంటీ, ఒక్కసారిగా నవ్వేశారు. "ఉండండి మీరు! ఈ పిల్ల నోట సరే కాకుండా ఇంకో మాట వినడం ఇదే ఫస్ట్ టైమ్. ఏం నదమ్మా, చెప్పు, నేను వింటా."

చెప్పాను. పంటు గురించి, కమ్మీ దగ్గర అక్క జడ గురించి, కుడిచీన్ గురించి గబగబా చెప్పేశాను. అంకుల్ గరిటె ట్రేలో పెట్టేసి విన్నారు. ఆయనా గోదావరి ఒడ్డు గాలి తెలిసినవారే. చివరికి, అక్కడ ప్రార్థనకేమైనా ఉందా అని మాత్రం అడిగారు. సందులోనే చర్చి ఉందన్నాను. ఆ మాటతో ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. ఆ తరవాతి శుక్రవారం మళ్ళీ కళ్ళు మూసుకుని, ప్రభువా, చోటు మారినది, అన్నారు. ఆ సాయంత్రం అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

బ్యాంకాక్ విమానాశ్రయంలో అక్క నాకన్నా ఆలస్యంగా దిగింది. పట్టుచీరకి తీసిపోని కొత్త కాటన్ చీర, చేతిలో పచ్చళ్ళ సంచి, ఏడుపూ నవ్వూ కలిసిన మొహం. టాక్సీ సందు మొదట్లోనే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆరేసిన బట్టల కిందుగా, గచ్చు మీద పెట్టెలు దడదడలాడించుకుంటూ నడిచాం. వెనక అక్క కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వస్తోంది. ఇడ్లీ లేదు, లిఫ్టు లేదు, ఇరుకు మెట్లు, గది చూస్తే చిన్నది. గది ఇచ్చిన పెద్దావిడ నవ్వుతూ చెక్క కిటికీ రెక్కలు రెండూ తోసింది. నిండుగా, మట్టిరంగులో, ఎండకి మెరుస్తూ నది మా కిటికీ కిందనే ఉంది. అక్క పెట్టె వదిలేసి అక్కడికి పోయి నిలబడింది. ఏమంటుందో అని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఇక్కడ పంటు ఎక్కడ ఎక్కుతారే?" అంది.

ఆ సాయంత్రం మేము ఆ పడవ ఎక్కి అవతలికి పోయి, దిగి, మళ్ళీ టికెట్లు కొని ఇవతలికి వచ్చి, మళ్ళీ వెళ్ళాం. పనేమీ లేదు. టికెట్లిచ్చేవాడు మూడోసారికి మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. పూలబజారులో మల్లెమొగ్గల దండలు గుట్టలుగా పోసి ఉంటే, అవి దేవుడికో మనుషులకో మాకు తెలియక, ఎదుటివాళ్ళు ఏం చేస్తున్నారో చూసి మణికట్టుకి చుట్టుకున్నాం. అక్క జడ విప్పేసింది. మర్నాడు చర్చి గంట మోగినా లేవలేదు. నేను కిటికీ పక్కన పుస్తకం పెట్టుకుని, చదవకుండా, ఎండ మంచం మీదికెక్కేదాకా మా అక్క నిద్రపోవడం చూశాను. లేచాక ఆ సందులోనే కాల్చే, పంచదార పలుకులద్దిన చిన్న కేకులు తింటూ, టిఫినంటే ఇలా ఉండాలే, ఎవరో చేసినవి, అంది.

అంకుల్ మాటలో తప్పులేదని కూడా ఒప్పుకోవాలి. మూడో రోజుకి అక్క నాలుక పప్పు కోసం, సాంబారు కోసం పీకింది. పడవెక్కి, రైలెక్కి ప్రతునామ్ పోయి, ఆయన చెప్పిన ఇడ్లీలే తిని, వాళ్ళ అత్తయ్యగారికి నైటీలు కొనుక్కుని, సాయంత్రానికి మళ్ళీ మా రేవుకి వచ్చేశాం.

పోయిన ఏడాది అక్క కుటుంబంతో సహా మళ్ళీ అదే ఊళ్ళో కలిశాం. పిల్లలకి స్విమ్మింగ్ పూల్ కావాలి, మామగారికి లిఫ్టు కావాలి, అందుకని ఎత్తయిన హోటల్లో దిగాం. అక్కడి నుంచి నది దూరంగా, ఎవరో మరిచిపోయిన రిబ్బనులా కనిపించింది. అక్క ఒకసారి నాకు చూపించి, మళ్ళీ పిల్లల తువ్వాళ్ళు వెతకడానికి లోపలికి వెళ్ళింది. అంకుల్, ఆంటీ కూతురి దగ్గరకని మెల్‌బోర్న్ వెళ్ళిపోయారు. శుక్రవారం కూడికలు జరుగుతూనే ఉన్నాయి గాని, ఎవరు ఏ హోటల్లో దిగాలో ఇప్పుడు ఎవరూ ప్రార్థించరు. ఫోనే అన్నీ చెబుతుంది. ఫోనుని కాదనడానికి ధైర్యం అక్కర్లేదు. అంత కష్టపడి ఒక మనిషిని కాదని, ఆ మనిషి చేతే మళ్ళీ దీవెన పొందే భాగ్యం కూడా దాంతోపాటే పోయిందేమో.

ఇదంతా గుర్తొచ్చాక చేతులు తుడుచుకుని పక్కింటి తలుపు తట్టాను. నేను చెప్పిందంతా మరిచిపో, అసలు మీకెక్కడ ఉండాలనుందో చెప్పు, అన్నాను. ఆ పిల్ల నేలచూపులు చూసింది, గడపని కాలి బొటనవేలితో నొక్కింది.

"ఏమీ అనుకోరు కదా అక్కా? మా అమ్మకి నీళ్ళంటే భయం. తనకి పెద్ద పెద్ద మాల్స్‌లో తిరగాలని, ఎస్కలేటర్ ఎక్కాలని ఉంది. ఇంకా, అమ్మకి పొద్దున్నే ఇడ్లీ పడాలి."

నేను పకపకా నవ్వాను, ఎందుకో ఆ పిల్లకి తెలియదు. అంకుల్‌కి తప్పకుండా ఫోన్ చేసి, ఆ ప్రతునామ్ ప్రార్థన ఊరికే పోలేదని చెప్పాలనుకున్నాను. ఇద్దరం గుమ్మంలోనే కూర్చుని మ్యాపులో ప్రతునామ్ వెతికాం. వీధులు, హోటళ్ళు ఒక్కొక్కటే చూపిస్తూ ఉన్నానే గాని, ఎడమపక్క వంకర తిరిగిన ఆ నీలం గీత మీదికి నా వేలు రెండుసార్లు వెళ్ళి, వెనక్కి వచ్చింది.