ఆదివారం వచ్చే పెద్దమనిషి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఏ ఊరికి పోయినా జనం అనుమానంగానే చూశారు. కాలువల ఇంజినీరు ఊళ్లోకి వచ్చాడంటే ఎవరి పొలమో రెండు ముక్కలవుతుందని లెక్క. రిటైరయ్యాక ఆ చూపులు తప్పుతాయని ఆశపడ్డాను. ఆశకు వయోపరిమితి లేదు కదా.

ఆత్మకూరులో నాబోటి పనిలేని పెద్దమనుషులు కొందరు గ్రంథాలయంలో కూడి ఒక పని కల్పించుకున్నారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు తలా ఒక పెద్దమనిషి తోడుండాలి. జీతం ఉండదు. బస్సు చార్జీ కూడా మనదే. నా వంతుకు ఉదయగిరి కొండ కింద పల్లెలో ఉండే అమ్మాయి వచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక ఎత్తు కొలతలు, పరుగు ఉన్నాయి. అవి దాటితే మళ్లీ రాతపరీక్ష. లెక్కలు నేను చెప్పాలి. పరుగు మాత్రం ఆమే పరిగెత్తుకోవాలి. రోజూ పొద్దునా సాయంత్రం రోడ్డు మీద సాధన చేస్తోందని గ్రంథాలయంలో చెప్పారు.

కొండ కింద ఫోను సిగ్నలు అందదు. అందుకని ఆదివారాలు వింజమూరు మీదుగా బస్సులో వెళ్లేవాణ్ని. అమ్మాయి తల్లిదండ్రులు పొద్దున్నే గొర్రెలు తోలుకుపోతే, ఇంట్లో ఆ పిల్లా వాళ్ల అవ్వా ఉండేవాళ్లు. ఆ ఇంట్లో చెల్లుబాటయ్యేది అవ్వ మాటే.

"ఎవురు సార్ తమరు?" అంది అవ్వ మొదటిరోజు.

"పాపకు లెక్కలు చెప్పడానికి వచ్చినాను పెద్దమ్మా."

"నెలకెంత?"

"ఏమీ వద్దు."

"ఏమీ వద్దని చెప్పేదానికి ఆత్మకూరు నుంచి వచ్చినారా?"

సంచిలోంచి నోటిఫికేషన్ కాగితం తీసి పనిలోకి దిగాను. పుట్టినతేదీ అడిగాను. కుల ధ్రువీకరణ పత్రం ఉందా అన్నాను. చూపు బాగుందా, చిన్నప్పుడు జబ్బులేమైనా చేశాయా అని వాకబు చేశాను. చెప్పులు విప్పించి, ద్వారబంధానికి ఆనించి, టేపుతో ఎత్తు కొలిచాను. అరికాళ్లు చదునుగా ఉంటే పరుగులో తిప్పలని విన్నందువల్ల, నాలుగడుగులు నడిచి చూపించమన్నాను. గోడ పక్కన చేరిన వీధి ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. పల్లెల్లో చదువు మీద శ్రద్ధ పెరిగిందని సంతోషించాను.

మరుసటి ఆదివారం కాఫీతోపాటు మిక్చరు వచ్చింది. ఆ పై ఆదివారం కేసరి, బజ్జీలు. పలారం పెరిగిందంటే దాని వెనక అర్జీ ఉంటుందని సర్వీసులో నేర్చుకున్నాను. నాకు పలుకుబడి ఉందనీ, ఉద్యోగం వేయించేస్తాననీ అనుకుంటున్నారేమోనని అనుమానం వచ్చింది. కేసరి పూర్తయ్యాకే ఆ మాట ఎత్తాను.

"పెద్దమ్మా, నాకు పైవాళ్లెవరూ తెలియదు."

"పైవాళ్లతో మాకేం పని సార్? మీ ఇంట్లోవాళ్లు మంచోళ్లయితే చాలు."

సిఫారసు మా ఇంట్లోవాళ్ల ద్వారా కావాలంటున్నారనుకున్నాను; నా అనుమానం తీరకపోగా బలపడింది.

తర్వాతి ఆదివారం అమ్మాయి పట్టుచీర కట్టుకుని, తలలో పూలతో శాతాల లెక్కలకు కూర్చుంది. పెన్సిలు కాగితాన్ని చింపుతోంది. అవ్వ లోపలికి పోగానే గొంతు తగ్గించింది.

"సార్, మీకు కొడుకుండాడా?"

"లేడమ్మా. ఇద్దరూ కూతుళ్లే. పెళ్లిళ్లయిపోయినాయి. ఎందుకు?"

"మీరు సంబంధం చూడను వచ్చినారని అవ్వ నా పరుగు మాన్పించినాది. ఎండకి నల్లబడతానంట. మొగరాయుడి మాదిరి రోడ్డు మీద ఉరికితే వచ్చిన సంబంధం పోతాదంట. మీరు ఎత్తు కొలిచిన కాడి నుంచి నేను గడప దాటలా. పరుగు పరీక్ష దగ్గర పడింది సార్. ఇప్పుడు ఉరకమంటే సగం దూరం కూడా పోలేను."

నేనడిగిన ప్రశ్నలన్నీ మనసులో ఒకసారి వరసగా చదువుకున్నాను. మా నాన్న మా అమ్మను చూడబోయినప్పుడు కూడా ఇంత వివరంగా విచారించి ఉండడు.

"ఇప్పుడే అవ్వకు చెప్పేస్తాను" అని లేచాను.

"వద్దు సార్! చూసినారు, కొలిచినారు, నడిపించినారు. ఇప్పుడు కాదంటే వీధి ఏమనుకుంటాది? పిల్లలో ఏందో లోపం ఉండాది, అందుకే వద్దని పోయినారంటారు. ఇంక అవ్వ నన్ను వాకిట్లోకి కూడా రానీదు."

నోరు విప్పితే పిల్ల పేరు పోతుంది, విప్పకపోతే పరుగు పోతుంది. ఏమీ తేల్చుకోలేక బస్సెక్కాను.

ఈలోగా అవ్వ తన మార్గంలో తాను విచారించింది. ఆత్మకూరు పోయివచ్చే మేకల వ్యాపారి నా వంశవృక్షమంతా ఆమెకు చేరవేశాడు. నేను మళ్లీ వెళ్లిన ఆదివారం కేసరి లేదు, మంచినీళ్లు కూడా లేవు.

"మీకు కొడుకుల్లేరంటనే?"

"లేరు పెద్దమ్మా."

"ఇంట్లో ఆడమనిషి ఉండాదా? పోయినాదా?"

పెళ్లికొడుకు ఎవరని ఆమె అనుకుంటోందో అప్పుడు తెలిసింది. ఈ వయసులో ఆ గౌరవం ఊహించలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు సంగతంతా చెప్పాను. "మిమ్మల్నా? ముందు ఆ అవ్వకు కళ్లపరీక్ష చేయించండి" అంది. అలా అన్నా, తర్వాతి ఆదివారం నాతో బయల్దేరి వచ్చింది. ఆమెను చూడగానే వీధి ఆడవాళ్లు మళ్లీ గోడ పక్కకు చేరారు. ఆవిడా అవ్వా లోపల తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకున్నారు. తప్పంతా మా ఆయనదేననీ, వీధి ముందు మీరే మమ్మల్ని వద్దనండనీ చెప్పిందట. తప్పంతా నాదనడంలో ఆమెకు ఏ ఇబ్బందీ కలిగి ఉండదు.

కాసేపటికి అవ్వ గడప మీదికొచ్చి, మా ఆవిడతో అంటున్నట్టుగా వీధంతటికీ వినిపించింది.

"మీది మంచి సంబంధమే కావచ్చమ్మా. మాకొద్దు! మా పాప పోలీసయ్యేదాకా రాజొచ్చి అడిగినా ఇచ్చేది లేదు!"

"ఇట్టాంటి పిల్ల మాకు మళ్లీ దొరకదు పెద్దమ్మా" అని మా ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎంత నమ్మకంగా ఒత్తుకుందంటే, మాకు లేని కొడుకు మీద నాకే జాలేసింది.

అయితే వీధిలో అన్నమాట వీధిదైపోతుంది. పిల్ల పోలీసు కాకపోతే, వద్దన్నది పిల్లవాళ్లు కాదు, చూడొచ్చినవాళ్లేనని జనం అననే అంటారు. ఆ సంగతి నాకన్నా ముందు అవ్వకు తట్టింది.

మరో ఆదివారం మొదటి బస్సుకే వెళ్లాను. ఊరి బయట రోడ్డు పక్క కల్వర్టు మీద అవ్వ గొర్రెల కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. ట్రాక్ ప్యాంటులో అమ్మాయి ఉదయగిరి వైపు నుంచి రొప్పుతూ వచ్చి ఆగింది. అవ్వ పక్కకు జరిగి నన్ను కూర్చోమని, మనవరాలి వైపు తిరిగింది.

"ఏంది, అప్పుడే వచ్చేసినావు? మలుపు కాడ నుంచే తిరిగొచ్చినావా?"

"లేదవ్వా, మైలురాయి తాకే వచ్చినా. సార్, మీరన్నా చెప్పండి!"

నేను నోరు తెరిచేలోపే అవ్వ కర్ర ఎత్తింది.

"సార్‌నే ఇప్పుడిప్పుడు నమ్ముతుండా. నిన్నెక్కడ నమ్మేది? మళ్లా పోయి రా."

అమ్మాయి నా వంక ఒకసారి చూసి, వెనక్కి తిరిగి పరుగందుకుంది.